సమస్య: "ప్రియము గాని చీర ప్రియము నాకు"

నిర్వాహకుడు: నిన్న బట్టల కొట్లో మా ఆవిడ "మరీ ప్రియమండీ" అని ఓ చీర పక్కన పెట్టింది. నిమిషం తిరక్కుండా మళ్ళీ దాన్నే నిమురుతోంది. అక్కడే నోట పడిందీ పాదం. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, కానివ్వండి.

నేతిబీర:
పచ్చ రంగు కనిన పడదెన్నడును నాకు
నింతి యదియె కోరె నేమి సేతు
చేతి సంచి విప్పి చెల్లింపవలెఁ గదా
ప్రియము గాని చీర ప్రియము నాకు

మొదటి ప్రియం ఇష్టం, రెండోది ధర.

చింతచిగురు: ఇల్లాలి మీద ఏడవకుండా మీకు పూరణే రాదా? గాజుల సమస్యలోనూ ఇదే గోల. మీ విరుపును తిరగేశాను:

మెత్తనైన నూలు మేనికిఁ జలువౌను
అమ్మ కట్టి విడిచినట్టిదైన
పట్టు చీరకన్న పదిరెట్లు మేలమ్మ
ప్రియము గాని చీర ప్రియము నాకు

నేతిబీర: బాగుందమ్మా, గద్వాల చీరలా ఉంది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ మాత్రమే పట్టు. ఆ కొంగూ నిర్వాహకులు నేసిందే!

గోస్తని: అది సరే, "చీర ప్రియము"లో పక్కన 'ప్రి' సంయుక్తాక్షరం ఉందిగా, 'ర' గురువు కాదూ? సమస్యలోనే గణం తప్పితే ఎలా?

నిర్వాహకుడు: రెండూ వేరు పదాలు, పైగా 'చీర' తెలుగు మాట. ఊది పలకనక్కర్లేదు. నిరుడు తమరు "మంచి ద్రాక్ష" అని రాసినప్పుడు ఈ సందేహం రాలేదేం?

గోస్తని: ఆ పద్యానికి "భేష్" అన్నది మీరే.

నిర్వాహకుడు: భావానికి అన్నాను.

పాలపిట్ట: ఆ ద్రాక్ష ఎప్పుడో పులిసింది, వదిలేయండి. మా పాలమూరు దిక్కు ప్రియాన్ని 'పిరం' అంటరు, తక్కువ ధరైతే 'అగ్గువ'. "టమాట పిరమైంది" అంటే దాని మీద మనసు పడ్డామని కాదు, అది మేలురకమనీ కాదు. ధర మండుతోందని, అంతే. సరుకు గొప్పతనం చెప్పాలంటే 'అనర్ఘం' కావాలె. అర్ఘం అంటే వెల గద, వెల కట్టలేనిది అనర్ఘం. టమాట ఎంత పిరమైనా అనర్ఘం కాదు. చింతచిగురు గారి పద్యంల అమ్మ చీర అగ్గువదే, కానీ అనర్ఘం. నాకు నచ్చిందదే. ఇంకోటి, నేతిబీర గారూ, మా గద్వాలను తిట్టుకు వాడకండి. నూలు ఒంటికి పట్టు కొంగును అతికే చోటే అసలు పనితనం ఉంటది.

చింతచిగురు: విన్నారా నేతిబీర గారూ? కొంగు ఎవరిదైనా అతుకు నాది.

నేతిబీర: ఒప్పుకున్నా. మా ఆవిడ ఇదంతా చదివింది. పచ్చ జాకెట్టు కుట్టుకూలీ కూడా నాదేనట.