చర్చ: పత్రిక అచ్చు ఆపేస్తే పర్యావరణానికి మేలేనా?

సిరాచుక్క:
మా సాహిత్య సంఘం మూడు నెలలకోసారి ఒక పత్రిక వేస్తుంది. వచ్చే సంచిక నుంచి పీడీఎఫ్ మాత్రమేనట. ఎందుకని అడిగితే "చెట్లు బతుకుతాయి" అన్నారు. ఖర్చు తగ్గుతుందని చెప్పి ఉంటే నేను నోరెత్తేవాడిని కాదు. చెట్ల పేరు చెప్పేసరికి అనుమానం వచ్చింది. నిజంగా మేలేనా?

మీట:
మేలే. కాగితమంటే చెట్టొక్కటే కాదు. గుజ్జు ఉడికించాలి, రసాయనాలతో తెల్లబరచాలి, ఆవిరితో ఆరబెట్టాలి, ఆపైన లారీలు. చివరికి చెత్తగుట్ట అడుగున గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పీడీఎఫ్‌కు ఈ గొడవలేవీ లేవు.

పాతపుటలు:
మీట గారూ, పీడీఎఫ్‌ను గాల్లో చదవరు కదండీ. ఫోన్ కావాలి. ఫోన్ వల్ల వచ్చే ఉద్గారాల్లో ఎక్కువ భాగం అది మన చేతికి రాకముందే, తయారీలోనే వచ్చేస్తుంది. బ్యాటరీలో వాడే కోబాల్ట్‌లో సుమారు 70 శాతం ఒక్క కాంగో గనుల నుంచే వస్తోంది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. కాగితం పీచును ఐదారుసార్లు తిరిగి వాడుకోవచ్చు. గుజ్జు మిల్లులు కూడా చెక్క ఉడికించగా మిగిలిన నల్లటి ద్రవాన్నే మండించి, తమకు కావాల్సిన ఆవిరిలో చాలా భాగం తయారుచేసుకుంటాయి. అదెవరూ చెప్పరు.

మీట:
ఆ ఫోన్ మీ పత్రిక కోసం కొన్నారా? అచ్చు వేసినా మానినా అది జేబులోనే ఉంటుంది. దాని పాపమంతా ఒక పీడీఎఫ్ నెత్తిన రుద్దితే ఎలా?

పాతపుటలు:
ఆ మాట ఒప్పుకుంటాను. మరి ఆ ఫైళ్లను దాచి పంపే కంప్యూటర్ల కేంద్రాలు, అదే డేటా సెంటర్ల సంగతో? 2024లో అవి వాడిన కరెంటు సుమారు 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచం మొత్తం వాడకంలో 1.5 శాతం.

లెక్కలపిచ్చి:
ఆ అంకె నిజమే కానీ ఇక్కడ పనికిరాదు. అందులో వీడియోలు, బ్యాంకులు, ఏఐ అన్నీ ఉన్నాయి. రెండు ఎంబీల ఫైల్ వాటా అందులో ఏపాటి? ఇలాంటి అంకెలు ఎలా పుడతాయో చూశాం. అరగంట ఆన్‌లైన్ వీడియో చూస్తే 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని 2019లో ఫ్రాన్స్‌కు చెందిన షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే అధ్యయన సంస్థ చెప్పింది. తీరా చూస్తే బిట్లకూ బైట్లకూ (ఎనిమిది బిట్లు ఒక బైట్) మధ్య పొరపాటు పడి లెక్క ఎనిమిది రెట్లు పెరిగింది. వాళ్లే దిద్దుకున్నారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ విశ్లేషణలో గంటకు 36 గ్రాములే తేలింది. మొదటి అంకె మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది!

సిరాచుక్క గారూ, నేనడిగేది వేరు. ఒక్కో కాపీని ఎంతమంది చదువుతున్నారు? నలుగురి చేతులు మారిన కాపీ భారాన్ని నలుగురికీ పంచాలి. కట్ట విప్పకుండా చిత్తు కాగితాల్లోకి పోయినదాన్ని ఎవరి ఖాతాలో వేస్తాం? ఎన్ని వేస్తారు, ఎన్ని మిగులుతాయి?

సిరాచుక్క:
300 వేస్తాం. అల్మారాలో కట్టలున్నాయి, ఎన్నో లెక్కపెట్టలేదు, సిగ్గుగానే ఉంది. పోయినసారి ఒక ప్రత్యేక సంచిక పీడీఎఫ్‌గా పంపాం. గ్రూపులో అందరూ దండాలు పెట్టారు, తెరిచిందెవరో తెలియదు. కళ్లు లాగుతున్నాయని ఇద్దరు పెద్దవాళ్లు మాత్రం ప్రింట్ తీయించుకున్నారు. 96 పేజీలు, ఒకవైపే.

లెక్కలపిచ్చి:
అయ్యో, అదే అన్నిటికంటే దండగ! రెండువైపులా అచ్చైన పత్రికకు పట్టేదానికి రెట్టింపు కాగితం. ముందే అడిగి, కావాలన్నవాళ్లకే వేయండి.

మీట:
దానికి నాకూ అభ్యంతరం లేదు. పాత కట్టలు ముందు గ్రంథాలయాలకు ఇవ్వండి.

సిరాచుక్క:
కమిటీకి ఇదే రాస్తున్నాను. తీర్మానంలో చెట్ల మాట కొట్టేసి "ఖర్చు" అని రాయమంటాను.