అప్‌డేట్: డోరియన్ మోడ్ ఇప్పుడు చెవికి పట్టింది

కీబోర్డులో డి నుంచి డి దాకా తెల్ల మెట్లే వాయిస్తే వచ్చే స్వరవరసే డోరియన్ మోడ్. అలా వాయిస్తున్నా సి మేజర్‌లాగే (సి నుంచి సి దాకా అవే తెల్ల మెట్లు) వినిపిస్తోందని పోయిన నెల అడిగాను కదా. తప్పు నాదే. ప్రతి వరసనీ తెలియకుండానే సి మీద ఆపేస్తున్నాను.

"ముందు షడ్జమం (ఆధార స్వరం 'స') ఏదో చెవికి చెప్పు" అన్న సలహా పనిచేసింది. ఫోన్‌లో తంబురా రెండు శ్రుతిలో, అంటే డి మీద పెట్టి అరగంట వాయించాను. అంతే, అవే మెట్లు వేరే రంగులో పలికాయి! తిరుపతిలో మా వీధిలోని వీణ టీచరమ్మ విని నవ్వారు: "ఇది ఖరహరప్రియ రాగం స్వరాలే నాయనా. శంకరాభరణంలో, అంటే నీ మేజర్ స్కేలులో, రిషభాన్ని ('రి') షడ్జమం చేస్తే వచ్చేది ఇదే, గ్రహభేదం అంటాం."

అసలు కిటుకు ధైవతంలో ('ద', డి షడ్జమమైతే అది బి) ఉంది. బి తీసి బి ఫ్లాట్ వాయిస్తే నఠభైరవి రాగం స్వరాలు, అంటే మామూలు మైనర్. అందుకే ఇప్పుడు బి మీద కావాలనే నిలుస్తున్నాను. ఎడమచేత్తో డి మైనర్, జి మేజర్ కార్డులు మార్చి మార్చి పట్టుకుంటే చాలు, సి వైపు లాగడం లేదు.

గాంధార నిషాదాలకు ('గ', 'ని') గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేకుండా వాయిస్తే మాత్రం టీచరమ్మ ఒప్పుకోరు. "స్కేలు వచ్చింది, రాగం ఇంకా రాలేదు" అన్నారు.