అప్‌డేట్: కర్నూలులో ఫోటో జర్నలిజం పోర్ట్‌ఫోలియో

ఫోటో జర్నలిస్టుగా పని కోసం చూపించే పోర్ట్‌ఫోలియోలో (ఎంచిన ఫోటోల సంకలనం) ఏం పెట్టాలి, ఎవరిని కలవాలి అని ఇంతకుముందు అడిగింది నేనే. దేవరగట్టు బన్ని (దసరాకు జరిగే కర్రల సమరం) ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి, ఒకే కథను లోతుగా తీయమని ఒక అన్న చెప్పాడు. అది బాగా పనిచేసింది.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను తీశాను. వంగిన నడుములు, తడిమట్టిలో వేళ్లు, చెట్టు కింద సద్దిమూటలు. విత్తనం వేయాల్సిన చేనును తొక్కేస్తున్నారని బాధపడే రైతు ఫోటోనే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి ఫోటో కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాశాను.

ఒక పత్రికవాళ్లు పిలిచారు. ఉద్యోగం కాదు, ఫోటోకింత అని ఇస్తారు. మొదటి పని పత్తికొండ టమాటా మార్కెట్ ఫోటోలు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై హక్కు వాళ్లదే. అందుకే పోర్ట్‌ఫోలియోలో వాడుకునే అనుమతి మెయిల్‌లో ముందే రాయించుకున్నాను.