డీఎన్ఏ సంగతి తేల్చింది 1944లోనా, 1952లోనా?

పరీక్షార్థి: జన్యు పదార్థం డీఎన్ఏయే అని 1952లో హెర్షే, చేజ్ నిరూపించారని మా పుస్తకంలో ఉంది. అది తప్పు, 1944లోనే ఏవరీ తేల్చేశాడని మా సీనియర్ అంటున్నాడు. ఏది రాయాలి?

నిప్పురవ్వ: ఏవరీ. చర్చే అక్కర్లేదు. చంపేసిన ప్రమాదకర న్యుమోనియా బ్యాక్టీరియాను, బతికున్న హాని చేయని రకంతో కలిపి 1928లో గ్రిఫిత్ ఎలుకలకు ఎక్కించాడు. ఎలుకలు చచ్చాయి, వాటి రక్తంలో ప్రమాదకర రకం బతికి కనిపించింది. హాని చేయని రకాన్ని అలా ప్రమాదకరంగా మార్చిన పదార్థమేదో ఆయనకు అంతుపట్టలేదు. దాన్ని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఏవరీ, మెక్‌లియోడ్, మెక్‌కార్టీ శుద్ధి చేసి పట్టుకున్నారు. ప్రోటీన్‌ను తెగ్గొట్టే ట్రిప్సిన్ వేసినా దాని పని ఆగలేదు. ఆర్ఎన్ఏను తెగ్గొట్టే ఎంజైమ్ వేసినా ఆగలేదు. డీఎన్ఏను తెగ్గొట్టే ఎంజైమ్ వేస్తే ఆగిపోయింది. ఇంకేం కావాలి?

పాతకాగితం: ఇంకేం కావాలో అదే సంస్థలో పనిచేసే మిర్‌స్కీ చెప్పాడు. శుద్ధి చేసిన డీఎన్ఏలో కంటికి ఆనని ప్రోటీన్ మిగిలి ఉంటే? ఏవరీ కూడా తన పేపర్లో ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేదు. హెర్షే, చేజ్ వైరస్ ప్రోటీన్‌కు రేడియోధార్మిక సల్ఫర్‌తో, డీఎన్ఏకు ఫాస్ఫరస్‌తో గుర్తు పెట్టి, బ్యాక్టీరియాకు అంటించి, బ్లెండర్లో తిప్పారు. ఫాస్ఫరస్ లోపలికి పోయింది, సల్ఫర్ బయట ఉండిపోయింది. అంటే లోపలికెళ్లి కొత్త వైరస్‌లను పుట్టించింది డీఎన్ఏ.

గాలివాటం: మేం దాన్ని మిక్సీ ప్రయోగం అని గుర్తుపెట్టుకునే పాసయ్యాం.

నిప్పురవ్వ: సల్ఫర్ అంతా బయటే ఉందా? బ్యాక్టీరియాను వదలనిది ఎంతో చెప్పండి.

పాతకాగితం: దాదాపు 20 శాతం. కానీ కొత్తగా పుట్టిన వైరస్‌లలోకి చేరింది ఒక్క శాతం లోపే. ఫాస్ఫరస్ మాత్రం 30 శాతం దాకా చేరింది.

నిప్పురవ్వ: 20 శాతం! ఏవరీ దగ్గర చిటికెడు ప్రోటీన్ ఉందేమోనన్న అనుమానానికే ఎనిమిదేళ్లు నమ్మలేదు. ఇక్కడ ఐదో వంతు అంటుకుని ఉన్నా చప్పట్లు.

పాతకాగితం: ఒక్క శాతం అన్న మాట మీకు కనబడలేదా?

నిప్పురవ్వ: 20 అన్న మాట మీరు దాటేస్తున్నారు.

నీలిసిరా: నోబెల్ మాటకొస్తే ఏవరీకి రానేలేదు. 1969లో హెర్షేకి వచ్చింది, మార్తా చేజ్‌కి రాలేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తరేం?

నిప్పురవ్వ: ఎత్తుతాను. నేను పరిశోధన చేస్తున్నప్పుడు కోల్డ్ రూమ్‌లో వణుకుతూ ఎంజైమ్ శుద్ధి చేసింది నేను. చివర్లో వచ్చి అందమైన బొమ్మ గీసిన మనిషి పేరు పేపర్లో ముందు వేశారు. గొడ్డు చాకిరీ ఒకడిది, పేరు ఇంకొకడిది.

పాతకాగితం: మీ పేపర్ గొడవకూ న్యుమోనియా బ్యాక్టీరియాకూ సంబంధమేంటండీ? మీ కోపం తీరడానికి చరిత్రను తిరగరాయాలా?

నిప్పురవ్వ: పైనున్నవాళ్లు నమ్మితేనే సత్యం అనే మీలాంటివాళ్ల వల్లే ఇదంతా.

పాతకాగితం: నేనన్నది అది కాదు. నమ్మకపోవడానికి అప్పట్లో గట్టి కారణమే ఉంది. డీఎన్ఏలో నాలుగు బేస్‌లు, అంటే దాని అక్షరాల్లాంటి రసాయన భాగాలు, సమపాళ్లలో, ఒకే వరసలో తిరిగి తిరిగి వస్తాయని రసాయన శాస్త్రవేత్త లెవీన్ సిద్ధాంతం. అలా ఒకే పాట పాడే అణువులో సమాచారం ఎక్కడ దాగుతుంది? బేస్‌లు సమపాళ్లలో ఉండవనీ, జీవిని బట్టి మారుతాయనీ జీవరసాయన శాస్త్రవేత్త చార్గాఫ్ లెక్కలు తేల్చాకే దారి తెరుచుకుంది.

నిప్పురవ్వ: చార్గాఫ్‌ను డీఎన్ఏ వైపు తిప్పింది ఎవరు? ఏవరీ 1944 పేపర్ చదివే ఆయన తన ల్యాబ్ పనంతా అటు మళ్లించాడు. అంటే నమ్మినవాళ్లూ ఉన్నారు! ఒప్పించడమే మీకు కొలబద్ద అయితే 1952 కూడా చాలదు. డీఎన్ఏ ఎలా నకలవుతుందో చూపే దాని నిర్మాణం 1953లో వచ్చాకే చాలామంది కుదుటపడ్డారు. అప్పుడు వాట్సన్, క్రిక్ పేర్లు రాయమనండి.

పాతకాగితం: ఒక ప్రయోగం సరైనది కావడం వేరు, ప్రశ్నను మూసేయడం వేరు. ఏవరీది మొదటిది. నేను అడుగుతున్నది రెండోదాని గురించి.

నిప్పురవ్వ: నేను మొదటిదాని గురించే మాట్లాడుతున్నాను, మొదటినుంచీ.

పరీక్షార్థి: సార్, ఇది రెండు మార్కుల ప్రశ్న.

నిప్పురవ్వ: రెండూ రాయి. ఏవరీని ముందు రాయి.

పాతకాగితం: సంవత్సరాల వరసలో రాస్తే ఎలాగూ ముందే వస్తాడు. అంతకుమించి నేను ఒప్పుకోను.