బాత్రూమ్ అద్దం దగ్గర లైట్ ఏది పెట్టాలి? టైల్స్ వేసేలోపు చెప్పండి ప్లీజ్

నిజాంపేట్_ఇల్లు:
అందరికీ నమస్తే. నిజాంపేట్‌లో మా ఫ్లాట్ బాత్రూమ్ మొత్తం తీసేసి మళ్ళీ చేయిస్తున్నాం, పాత టైల్స్ పీకేశారు, వచ్చే వారం కొత్తవి మొదలుపెడతామంటున్నారు. వాష్ బేసిన్ ఉన్న గోడ వెడల్పు 4 అడుగులు, అద్దం 24 ఇంచుల వెడల్పు 30 ఇంచుల ఎత్తుది అనుకుంటున్నాం. ఇన్నాళ్ళూ ఫాల్స్ సీలింగ్‌లో ఒక్క రౌండ్ లైట్ ఉండేది, దాని కింద నిలబడితే కళ్ళ కింద, ముక్కు కింద నీడలే, మా అమ్మకి అయితే బొట్టు మధ్యలో పడిందో లేదో కూడా కనపడదు, బయటికి హాల్లోకి వచ్చి సరిచేసుకుంటుంది. షాపులో ఎల్ఈడీ అద్దం తీసుకోమంటున్నారు, మా ఆయన పైన స్పాట్ లైట్ ఇంకోటి పెడితే చాలంటున్నారు. అమ్మ 5 అడుగులు, ఆయన 5 అడుగుల 10 ఇంచులు. ఇద్దరికీ పనికొచ్చేలా ఏం చేయాలి, ఏ కలర్ తీసుకోవాలి? పాయింట్ల ఖర్చు కాకుండా లైట్లకి 4 వేల దాకా పెట్టగలం.

వైరింగ్_అన్న:
అక్కా టైల్స్ వెయ్యకముందే అడిగిన్రు, మంచిది. స్పాట్ లైట్ అయితే వద్దు. పైనుంచి ఎన్ని పెట్టినా వెలుగు నెత్తి మీద, ముక్కు మీద పడ్తది, కండ్ల కింద నీడ ఇంకా ముదురుతది. లైట్ అద్దానికి కాదు, ముందల నిలబడ్డ మనిషి మొకానికి పడాలె, గా ముచ్చట ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా అర్థమైతది. అద్దానికి అటొకటి ఇటొకటి, నిలువు లైట్లు పెట్టున్రి, 24 ఇంచుల పొడుగువి. అద్దం అంచు నుంచి 2 ఇంచులు వదిలిపెడితే, లైట్ వెడల్పు 3 ఇంచులు అనుకున్నా, ఒక లైట్ నడిమి నుంచి ఇంకో లైట్ నడిమికి దూరం 31 ఇంచులు వస్తది, మొకానికి రెండు దిక్కుల నుంచి సమానంగ పడ్తది. మొత్తం 34 ఇంచులే పడ్తది కాబట్టి మీ 4 అడుగుల గోడకి ఇబ్బంది లేదు.

ఎత్తు సంగతి. అమ్మ కండ్లు నేల నుంచి దగ్గర దగ్గర 4 అడుగుల 8 ఇంచుల కాడ ఉంటయి, సారువి 5 అడుగుల 5 ఇంచుల కాడ. లైట్ నడిమి భాగం 5 అడుగుల 2 ఇంచుల కాడ పెడితే కింది కొస 4 అడుగుల 2, పై కొస 6 అడుగుల 2 అయితది, ఇద్దరి కండ్లూ అండ్లనే వస్తయి. గుండ్రటి బల్బు ఒక్కొక్కటి పెడితే ఒక్కరికే సరిపోతది. ఎత్తు కొలిచేటప్పుడు కొత్త ఫ్లోర్ టైల్ మందం కూడా కలుపుకోని కొలవమనున్రి, చాలా మంది అది మర్చిపోతరు. గోడల నుంచి వైర్ బయటికి వచ్చే తావు ఫిట్టింగ్ కిందనే దాగాలె, అందుకే లైట్ ఏదో ముందు కొనుక్కోని దాని వెనకాల ప్లేట్ కొలత చూపెట్టి పైప్ వేపియ్యున్రి.

బ్రైడల్_మేకప్_కోఠి:
అన్న చెప్పింది కరెక్ట్. నాకు రోజూ ఇదే పని కాబట్టి కలర్ గురించి నేను చెప్తా. షాపుల్లో ఎక్కువగా కనిపించే కూల్ డే లైట్ అంటే 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, నంబర్ పెరిగే కొద్దీ నీలం వైపు, తగ్గే కొద్దీ పసుపు వైపు), దాని కింద మొహం నీలంగా, పాలిపోయినట్టు ఉంటుంది, అది చూసి ఫౌండేషన్ వేసుకుంటే ఎండలోకి రాగానే మొహం ఒక రంగు మెడ ఒక రంగు. వార్మ్ వైట్ 3000 హాయిగా ఉంటుంది గానీ పసుపు ఎక్కువ రాసుకున్నామా తక్కువ రాసుకున్నామా తెలీదు. మధ్యలో నాచురల్ వైట్ 4000 తీసుకోండి. అంతకంటే ముఖ్యం సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే నంబర్, పూర్తి మార్కు 100. మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి, అద్దం దగ్గరికి 90 పైన ఉన్నది అడగండి. ఇంకా కుదిరితే ఆర్9 ఎంతో అడగండి, అది ముదురు ఎరుపుకి వేరేగా చూసే నంబర్, మన చర్మం రంగులో ఎరుపు ఉంటుంది, కుంకుమ, లిప్‌స్టిక్ సంగతి సరే సరి. లైట్ల షాపులుండే ట్రూప్ బజార్ వెళ్తే చుట్టుపక్కల లైట్లు ఆపించి మీరు కొనేది ఒక్కటే వేయించుకుని దాని ముందు చెయ్యి పెట్టి చూడండి, తర్వాత బయట పగటి వెలుగులో అదే చెయ్యి చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. పక్క లైట్లకి గాజు గానీ కవర్ గానీ పాల రంగులో ఉండాలి, లోపల చుక్కలు చుక్కలుగా ఎల్ఈడీలు కనిపించే స్ట్రిప్ అసలు వద్దు, కళ్ళలోకి గుచ్చుతుంది.

నిజాంపేట్_ఇల్లు:
థాంక్యూ ఇద్దరికీ, అమ్మకి చదివి వినిపించా. మరి ఎల్ఈడీ అద్దం? రెండూ ఒక్కదాంట్లోనే వస్తాయి కదా అని షాపతను గట్టిగా చెప్తున్నాడు. మాది బోర్ నీళ్ళు, కుళాయిల మీద తెల్ల మరకలు ఆగవు. షవర్ కూడా కుడి పక్క లైట్ వచ్చే చోటుకి దగ్గర్లోనే, 2 అడుగులు ఉంటుందేమో.

పాత_ఫ్లాట్_ఉప్పల్:
మా ఇంట్లో ఎల్ఈడీ అద్దమే ఉంది కాబట్టి చెప్తున్నా. అవి రెండు రకాలండి, ఒకటి అద్దం వెనకాల నుంచి గోడ మీదికి వెలుగు కొట్టేది, చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ ఆ వెలుగు మొహం మీదికి రాదు, రెండోది అద్దంలోనే రెండు పక్కలా పాల రంగు పట్టీల్లోంచి ముందుకి వచ్చేది. కొంటే రెండోదే కొనండి. కానీ ముందు వెనక్కి తిప్పించి డ్రైవర్, అంటే ఎల్ఈడీకి సరిపడా కరెంట్ ఇచ్చే చిన్న డబ్బా, విడిగా మార్చుకునేలా ఉందో లేదో చూడండి, అది పోయి విడిగా దొరక్కపోతే అద్దం మొత్తం మార్చాల్సి వస్తుంది. మామూలు అద్దం, పక్కన విడి లైట్లు అయితే ఏది పోతే అది మార్చుకుంటారు, అందుకే మీకు ఇప్పుడు గోడ తెరిచి ఉండగా నా ఓటు విడి లైట్లకే. ఇంకోటి, బేసిన్, దాని కింద గ్రానైట్ లేత రంగువి అయితే వెలుగు కింద నుంచి గడ్డం మీదికి కొంచెం తిరిగి వస్తుంది, మావారికి షేవింగ్‌కి అది బాగా పనికొస్తోంది. నల్ల గ్రానైట్ అనుకుంటుంటే ఒకసారి ఆలోచించండి.

టైల్స్ అయిపోయి పాయింట్ పైన ఒక్కటే ఉన్నవాళ్ళు ఈ థ్రెడ్ చదువుతుంటే, అద్దం పైన అడ్డంగా పొడుగు బార్ లైట్ పెట్టుకోండి, అద్దం వెడల్పులో ముప్పావు వంతైనా ఉండాలి, నేల నుంచి ఆరున్నర అడుగుల దగ్గర, గోడకి అంటుకోకుండా కొంచెం ముందుకి ఉండేది. పక్క లైట్లంత బాగా రాదు కానీ సీలింగ్ లైట్ కంటే చాలా నయం.

వైరింగ్_అన్న:
షవర్ అంత దగ్గర ఉంటే డబ్బా మీద ఐపీ44 లేనిది తీసుకోవద్దు అక్కా, ఐపీ అంటే నీళ్ళు, దుమ్ము లోపలికి పోకుండ ఎంత ఆపుతదో చెప్పే నంబర్, 44 ఉంటే చిలకరింపు నీళ్ళు ఏ దిక్కు నుంచి పడ్డా లోపలికి పోవు. హ్యాండ్ షవర్ పైపుతోని గోడలు కడిగే అలవాటు ఉంటే ఐపీ65 తీసుకోరి. ఇనుప బాడీ అయితే ఎర్త్ వైర్ కచ్చితంగ కలపాలె, ఎర్త్ గుంజకుండ రెండు వైర్లే తెస్తే ఒప్పుకోవద్దు. మీ మెయిన్ బోర్డుల 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, ఉన్నదా చూపిచ్చుకోరి, లేకుంటే ఇప్పుడే పెట్టియ్యున్రి, గీజర్‌కి కూడా అదే రక్షణ. వెలుగు ఎంత అంటే రెండు లైట్లు కలిపి 1500 ల్యూమెన్స్ దాకా ఉంటే చాలు, వాట్లు చూసి కొనద్దు. తెల్ల మరకల సంగతికి మెరిసే క్రోమ్ కంటే ప్లాస్టిక్ బాడీ నయం, తుడుచుడు అల్కగ ఉంటది.

నిజాంపేట్_ఇల్లు:
సరే అన్నా, పక్క లైట్లే ఫిక్స్, 4000, సీఆర్ఐ 90, ఐపీ44. ఆదివారం అమ్మని కూడా ట్రూప్ బజార్ తీసుకెళ్తా, తన చెయ్యి పెట్టే చూస్తుంది. సీలింగ్ లైట్, ఇవి ఒకే స్విచ్ మీద పెట్టించనా?

వైరింగ్_అన్న:
వద్దు, విడి విడిగ పెట్టియ్యున్రి. రెండు పక్క లైట్లు ఒక స్విచ్, సీలింగ్‌ది ఒకటి. రాత్రి అమ్మ లేస్తే నిద్ర కండ్లకి అంత వెలుగు పడద్దు, అందుకే ఇంకో పైప్ వేపిచ్చి తలుపు పక్కన కిందికి 3000ది చిన్న ఫుట్ లైట్ పెట్టున్రి. స్విచ్ బోర్డు బాత్రూమ్ బయట తలుపు పక్కన ఉండాలె. టైల్స్ మేస్త్రి వచ్చే ముందు రోజే గోడ మీద చాక్‌పీస్‌తోని గీత గీసి, అమ్మని, సారుని ఇద్దరినీ నిలబెట్టి చూసుకోరి.