‘బేగి’ రాస్తే తప్పా? పర్యాయపదాల బట్టీ మీద మీరేమంటారు

గాజువాక అమ్మ:
మా వాడు 10వ తరగతి. మొన్న తెలుగు యూనిట్ టెస్టులో ‘త్వరగా’ అనే మాటకి రెండు పర్యాయపదాలు రాయమన్నారు. వీడు ‘శీఘ్రంగా, బేగి’ అని రాశాడు. బేగి మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పక్కన ‘యాస’ అని రాసి ఉంది. పోయింది అర మార్కే, దానికి కాదు నా బాధ. ఇంటికొచ్చి వాడు అడిగిన మాటకి నాకు నోట మాట రాలేదు. ‘పొద్దున్న లేచిన దగ్గర్నుంచి బేగి లే, బేగి తిను అంటావు కదమ్మా, అది తెలుగు కాదా?’ అన్నాడు. రాత్రి పదింటికి కూర్చుని పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు పేజీల కొద్దీ బట్టీ పడుతున్నాడు. ఆ బట్టీ వల్ల ఏమైనా ఒరుగుతుందా? అందులో మన మాటకి చోటుందా? మాస్టర్లెవరైనా ఉంటే చెప్పండి.

సీతమ్మధార ట్యూషన్:
అమ్మా, నేను టెన్త్ పిల్లలకి తెలుగు చెబుతాను, ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పబ్లిక్ పరీక్షలో మీ వాడి పేపరు దిద్దేది వాళ్ళ మాస్టారు కాదు. అది ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. ఆయనకి బేగి తెలియకపోతే మార్కు పోతుంది, అంతే. ఇవాళ మీ వాడు బేగి రాస్తాడు, సీమ పిల్లాడు బిరాన అంటాడు, తెలంగాణ పిల్లాడు జల్ది అంటాడు. అన్నీ కరెక్టే అంటే దిద్దేవాడు ఎక్కడికి పోవాలి? ఇక బట్టీ అంటారా, దాన్ని తీసిపారేయకండి. అమరకోశం మన పెద్దవాళ్ళు నోటికి పట్టినదే. ముందు నోరు తిరిగేది, అర్థం తర్వాత తెలిసేది.

మద్దిలపాలెం ఇంటర్:
సార్, నేను అలా బట్టీ పట్టినవాణ్ణే. టెన్త్‌లో సముద్రానికి ఏడు పర్యాయపదాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. ఇంటర్లో స్కోరింగ్ అని సంస్కృతం తీసుకున్నాను. ఇప్పుడు జలధి, జలదం రెండింట్లో సముద్రం ఏది అంటే రూపాయి బిళ్ళ ఎగరేసి చెప్పాలి. పరీక్ష అయిపోయిన సాయంత్రమే ఆ లిస్టు మొత్తం బుర్రలోంచి దిగిపోయింది.

భీమిలి మాస్టారు:
ఇంటర్ బాబూ, నీ జలధి దగ్గరే మొదలుపెడతాను. రిటైరయ్యాక ఖాళీగా ఉన్నాను, కాస్త పొడుగ్గా రాస్తే ఓర్చుకోండి.

నీళ్ళకి నాలుగు మాటలు తీసుకో: జలం, వారి, అంబు, నీరం. వాటికి మూడు తోకలు. ధి అంటే ఉంచే చోటు, ద అంటే ఇచ్చేది, జ అంటే పుట్టినది. నీళ్ళు నిలవుండే చోటు సముద్రం కాబట్టి జలధి, వారిధి, అంబుధి, నీరధి. నీళ్ళిచ్చేది మేఘం కాబట్టి జలదం, వారిదం, అంబుదం, నీరదం. నీళ్ళలో పుట్టింది తామర కాబట్టి జలజం, వారిజం, అంబుజం, నీరజం. మొత్తం పన్నెండు మాటలు, బట్టీ పట్టాల్సింది ఏడు ముక్కలు. మీ వీధిలో నీరజ అనో అంబుజ అనో ఒకావిడ ఉండే ఉంటుంది, ఆవిడ పేరే సగం పాఠం.

నీకు జలధి, జలదం కలిసిపోవడానికి కారణం ఉంది. మనం వత్తు పలకడం మానేశాం. నోట్లో రెండూ ఒకటైపోయాక రాతలో మాత్రం ఎలా విడిగా ఉంటాయి? మొన్న బీచ్ రోడ్డులో ఓ పెద్ద ఫ్లెక్సీ చూశాను, ‘బహుమతి ప్రధానోత్సవం’ అని. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. మా బడిలో పిల్లలు ‘పాఠం అర్ధం అయింది’ అని రాసేవారు. అర్ధం అంటే సగం. నిజమే చెప్పారు పాపం!

వ్యతిరేక పదాలదీ ఇదే గొడవ. ముందు ‘అ’ తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. మూల్యం అంటే వెల. అమూల్యం అంటే వెల లేనిది కాదు, వెల కట్టలేనిది.

ఇంకొకటి. పర్యాయపదం అంటే ఒకదాని చోట ఇంకోటి పెట్టేసే స్టెప్నీ కాదు. ఓసారి నా విద్యార్థి ఒకడు విహారయాత్ర వ్యాసంలో ‘పారావారం ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం’ అని రాశాడు. పారావారం అంటే సముద్రమే, తప్పు పట్టడానికి లేదు. నవ్వాపుకోలేక మార్కు వేసేశాను.

జాలరిపేట నుంచి:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి, మరి మావి? మా నాన్న సంద్రం అంటాడు. నేను బడిలో సంద్రం అంటే పిల్లలు నవ్వేవారు. తర్వాత పుస్తకంలో చూస్తే ‘ప్రకృతి: సముద్రం, వికృతి: సంద్రం’ అని ఉంది. మా నాన్న నోట్లో ఉంటే యాస, పుస్తకంలో అచ్చయితే మార్కా? మా ఇంట్లో నీరు పైకొస్తే పోటు, వెనక్కి తగ్గితే పాటు. ఇంతకంటే మంచి వ్యతిరేక పదాలు చూపించండి. పోటుకి నానార్థాలు కూడా ఉన్నాయి, కత్తిపోటు, తలపోటు. ఏ గైడూ కొనక్కర్లేదు, తెల్లవారుజామున చేపల రేవు కాడ ఒక గంట నిలబడితే చాలు.

సీతమ్మధార ట్యూషన్:
తమ్ముడూ, నేను మీ మాట తక్కువ అనలేదు. పరీక్షకి పనికిరాదన్నాను. రెండూ వేరు.

జాలరిపేట నుంచి:
పదిహేనేళ్ళ పిల్లాడికి ఆ రెండూ వేరని ఎర్ర గీత చూస్తే తెలుస్తుందా సార్?

భీమిలి మాస్టారు:
ఇద్దరూ ఆగండి. బేగి సంగతి నా మటుకు చెప్తాను. వేగంలో వ, బేగిలో బ, చెవి పెట్టి వింటే చుట్టరికం తెలుస్తుంది. పక్కనున్న కన్నడంలో ‘బేగ’ అన్నా త్వరగా అనే అర్థం. శ్రీకాకుళం నుంచి మన దాకా ఇంటింటా పలికే మాటని ‘యాస’ అని కొట్టేస్తే, గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం చేయడం దేనికి? జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడినాయన, పైగా మన వైపు మనిషి. నేనైతే అర మార్కూ వేసి, పక్కన ‘పబ్లిక్‌లో వడిగా అని రాయి’ అని రాసేవాణ్ణి. పిల్లాడికి రెండూ దక్కేవి.

మద్దిలపాలెం ఇంటర్:
మీరు మాకు రాలేదేంటి మాస్టారూ. జలధి ఇక మర్చిపోను.

గాజువాక అమ్మ:
మాస్టారూ, దండాలు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టి మీరు రాసినదంతా చదివి వినిపించాను. పన్నెండు మాటలూ వాడే కలిపి రాశాడు, నేను అందించలేదు. రాసి ఊరుకున్నాడా? ‘వారిధి సముద్రం అయితే, విజయవాడలో కృష్ణ మీద కనకదుర్గ వారధి ఏంటమ్మా?’ అని నా మీదకొచ్చాడు. ఇప్పుడు నేనేం చెప్పను?

భీమిలి మాస్టారు:
అసలైన ప్రశ్న వేశాడు! అక్కడ ర కి గుడి లేదమ్మా. వారిధి సముద్రం, వారధి వంతెన. రాముడు వారిధి మీద వారధి కట్టించాడు అని చెప్పండి, ఇక కలగాపులగం చేయడు.

సీతమ్మధార ట్యూషన్:
మాస్టారూ, ఈ వాక్యం నా నోట్సులో రాసేసుకున్నాను, రేపే చెప్తాను. బేగి మాత్రం రాయించను.