జాన్సన్ పౌరహక్కుల చట్టాలు నమ్మి తెచ్చాడా, లెక్కేసుకుని తెచ్చాడా?

ఆస్టిన్ అనూరాధ:
లిండన్ జాన్సన్ 1937లో టెక్సస్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు వచ్చాడు. అప్పటి నుంచి 1956 దాకా పౌరహక్కుల బిల్లు ఏది ఓటింగ్‌కు వచ్చినా వ్యతిరేకంగానే ఓటేశాడు. నల్లజాతివాళ్లను మూకలు పట్టుకుని చంపడాన్ని ఆపే బిల్లుక్కూడా. 1949లో సెనేట్‌లో ఆయన చేసిన మొదటి ప్రసంగం ఫిలిబస్టర్‌ను, అంటే ఇలాంటి బిల్లుల్ని రోజుల తరబడి మాటలతో సాగదీసి చంపే పద్ధతిని, వెనకేసుకొస్తూ చేసిందే. అదే మనిషి అధ్యక్షుడయ్యాక 1964లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, 1968లో ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టం వచ్చాయి. లింకన్ తర్వాత ఏ అధ్యక్షుడూ ఇంత పని చేయలేదు.

నా పక్షం ముందే చెప్పేస్తున్నా: నమ్మే చేశాడు, అవకాశం వచ్చేదాకా బయటపడలేదు. 1928లో కాలేజీకి డబ్బుల్లేక చదువు ఆపి, కొటులా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లల బళ్లో ఏడాది పాఠాలు చెప్పాడు. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు వాళ్లు. 1965 మార్చి 15న ఓటుహక్కు బిల్లు కోసం ఉభయసభల ముందు మాట్లాడినప్పుడు తలుచుకున్నది ఆ పిల్లల్నే. ఎదురు వాదన ఉన్నవాళ్లు రండి.

లెక్కల మాస్టారు:
అనూరాధ గారూ, 1965లో గుర్తొచ్చిన ఆ పిల్లలు మధ్యలో ఇరవై ఏళ్ల ఓటింగ్‌లో ఒక్కసారైనా ఎందుకు గుర్తు రాలేదండీ?

1957 చట్టం చూడండి. 1875 తర్వాత అమెరికా కాంగ్రెస్ పాస్ చేసిన మొదటి పౌరహక్కుల చట్టం. గట్టెక్కించింది సెనేట్ మెజారిటీ నాయకుడిగా ఉన్న జాన్సనే, కాదనను. కానీ ఎలా గట్టెక్కించాడు? బళ్లలో, బహిరంగ స్థలాల్లో వివక్ష మీద కేంద్రం నేరుగా కోర్టుకెళ్లే అధికారమిచ్చే మూడో భాగాన్ని తీసేయించి. ఓటును అడ్డుకున్నవాడిని శిక్షించాలంటే జ్యూరీ ఉండాలన్న నిబంధన చేర్పించి. అప్పటి దక్షిణాదిలో జ్యూరీ అంటే తెల్లవాళ్లే. ఇక శిక్ష పడేదెవరికి? దక్షిణాది సెనేటర్లకు నష్టం లేని చట్టం, ఉత్తరాది ఓటర్లకు చూపించుకోడానికి ఒక చట్టం. 1960లో అధ్యక్ష పదవి మీద కన్నుంది కదా, దక్షిణాది మనిషి అనే ముద్ర చెరుపుకోవాలి. పక్కా లెక్క.

ఈయన రాజకీయమంతా అంతే. సెనేట్‌లోకి వచ్చిందే 87 ఓట్లతో.

ఒంగోలు గిత్త:
ఆ 87 ఓట్ల సంగతి కాస్త వివరంగా చెప్పండి మాస్టారూ. దొంగ ఓట్ల కథంటే మనకు చెవులు నిక్కుతాయి 😄

లెక్కల మాస్టారు:
చెప్తా. 1941లో జాన్సన్ సెనేట్‌కు పోటీ చేసి 1,311 ఓట్లతో ఓడిపోయాడు. ముందంజలో ఉన్నాక చివర్లో అవతలివాళ్ల జిల్లాల నుంచి ‘సవరించిన’ లెక్కలు వచ్చాయి. ఆ పాఠం బాగా వంటబట్టింది.

1948లో మళ్లీ దిగాడు. ప్రత్యర్థి మాజీ గవర్నర్ కోక్ స్టీవెన్‌సన్. అప్పట్లో టెక్సస్‌లో డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం గెలిస్తే సీటు గెలిచినట్టే. మొదటి విడతలో స్టీవెన్‌సన్ 70 వేలకు పైగా ఆధిక్యంలో ఉన్నాడు. ఆగస్టు 28న రెండో విడత. పదిలక్షలకు కాస్త తక్కువ ఓట్లు పోలయ్యాయి, తేడా వందల్లో ఊగుతోంది. ఆరు రోజుల తర్వాత జిమ్ వెల్స్ కౌంటీలో ఆలిస్ అనే ఊరి 13వ నంబరు పెట్టె నుంచి కొత్త లెక్క దిగింది. జాన్సన్‌కు అదనంగా 200 ఓట్లు, స్టీవెన్‌సన్‌కు 2. జాన్సన్‌కు అంతకుముందు 765 ఉంటే ఆ 7ని 9గా దిద్దితే 965! ఓటర్ల జాబితా చూసినవాళ్లు చెప్పిందేమంటే, చివర్లో చేరిన పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి, ఒకే చేతిరాత, ఒకే సిరా. పెద్దమనుషులందరూ అక్షరక్రమంలో వరుసగా నిలబడి ఓటేశారన్నమాట.

ఆ ప్రాంతమంతా జార్జ్ పార్ అనే దొర గుప్పిట్లో ఉండేది. స్టీవెన్‌సన్ ఫెడరల్ కోర్టుకెళ్లి స్టే తెచ్చాడు. జాన్సన్ తరఫున ఏబ్ ఫోర్టస్ అనే లాయరు సుప్రీంకోర్టు న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ దగ్గరికెళ్లి దాన్ని ఆపించాడు. 1965లో అదే ఫోర్టస్‌ను జాన్సన్ సుప్రీంకోర్టు జడ్జిని చేశాడు. 1977లో, జాన్సన్ పోయాక, ఆ పెట్టె దగ్గర ఎన్నికల అధికారిగా ఉన్న లూయిస్ సలాస్ అవి దొంగ ఓట్లేనని విలేకరితో ఒప్పుకున్నాడు.

ఒంగోలు గిత్త:
పార్ గారు మా దగ్గర పుట్టాల్సిన మనిషి.

ఆస్టిన్ అనూరాధ:
13వ పెట్టె విషయంలో నాకు ఒక్క ముక్క అభ్యంతరం లేదు. జాన్సన్ నిజాయితీపరుడని నేను ఎక్కడ అన్నాను? 1943లో భార్య లేడీ బర్డ్ పేరు మీద 17,500 డాలర్లకు కొన్న ఆస్టిన్ రేడియో స్టేషన్ ఆ కుటుంబాన్ని కోటీశ్వరుల్ని చేసిన సంగతి కూడా నేనే చెప్తా. అధికారం కోసం ఏమైనా చేస్తాడు. నా ప్రశ్న, ఆ అధికారం చేతికొచ్చాక దాన్ని దేనికి వాడాడు అని.

1963 నవంబరులో కెనడీ హత్య జరిగి ఈయన అధ్యక్షుడయ్యేసరికి పౌరహక్కుల బిల్లు ప్రతినిధుల సభ రూల్స్ కమిటీలో, అంటే ఏ బిల్లు సభ ముందుకు రావాలో తేల్చే కమిటీలో, ఇరుక్కుని ఉంది. ఛైర్మన్ హోవర్డ్ స్మిత్ వర్జీనియా మనిషి, కదలనివ్వడు. ఎన్నికలు ఏడాది దూరం. లెక్కే ముఖ్యమైతే బిల్లును నీరుగార్చి 1957 లాగా పాస్ చేయించుకుని పేరు కొట్టేయొచ్చు. ఈసారి ఏ భాగమూ వదలనన్నాడు. సెనేట్‌లో దక్షిణాది దండుకు నాయకుడు రిచర్డ్ రసెల్. జాన్సన్‌ను చేయిపట్టి పైకి తెచ్చిన గురువు ఆయనే. ఆ గురువుతోనే తలపడ్డాడు. రిపబ్లికన్ల నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్‌ను ఒప్పించే పని తన పార్టీ సెనేటర్ హ్యూబర్ట్ హంఫ్రీకి అప్పగించి, ఘనత డర్క్‌సన్‌కే దక్కనివ్వమన్నాడు. జూన్ 10న 71-29తో ఫిలిబస్టర్ తెగింది. పౌరహక్కుల బిల్లు మీద సాగే ఫిలిబస్టర్‌ను సెనేట్ తెంచడం చరిత్రలో అదే మొదటిసారి. మెదడులో కణితితో మాట పడిపోయిన కాలిఫోర్నియా సెనేటర్ క్లెయర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆయన వేలితో కన్ను చూపించి ‘అవును’ అని ఓటేశాడు (ఇంగ్లీషులో కన్నుకూ, ఓటింగ్‌లో చెప్పే ‘అవును’కూ ఉచ్చారణ ఒకటే).

ఇంకోటి. జాన్సన్ ఇంటి వంటమనిషి జెఫిర్ రైట్ నల్లజాతి స్త్రీ. కార్లో వాషింగ్టన్ నుంచి టెక్సస్ వెళ్లేటప్పుడు దారిలో ఆమెను ఏ హోటల్లోనూ తిననివ్వరు, మరుగుదొడ్డి వాడుకోనివ్వరు. ఈ సంగతి దక్షిణాది సెనేటర్లకు పదేపదే చెప్పేవాడు. చట్టం మీద సంతకం పెట్టిన రోజు ఆమెకో పెన్ను ఇచ్చాడు.

వరంగల్ వాసు:
పెన్ను ఇచ్చాడు సరే. నెల దాటగానే ఇంకో దేశం మీద ఏం చేశాడో ఎవరూ చెప్పరేం? 1964 ఆగస్టు 4న వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో అమెరికా ఓడల మీద రెండో దాడి జరిగిందన్నారు. అసలు జరగనే లేదు. ఆ పేరుతో కాంగ్రెస్ నుంచి యుద్ధానికి ఖాళీ చెక్కు రాయించుకున్నాడు. ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. 1963 చివర వియత్నాంలో 16 వేల మంది అమెరికన్ సైనికులు. 1968కి అయిదు లక్షలు దాటారు. ఆ యుద్ధంలో మొత్తంగా చనిపోయిన అమెరికన్లే 58 వేల పైచిలుకు, వియత్నాం జనం లక్షలు.

పైగా నమ్మకం గురించి కదా చర్చ. 1964 మే 27న తన సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోన్లో, ఇది పోరాడదగ్గ యుద్ధం అనుకోవడం లేదు, బయటపడే దారీ కనిపించడం లేదు అన్నాడు. టేపు ఉంది. నమ్మని యుద్ధానికి పిల్లల్ని పంపినవాడి నమ్మకాల గురించి మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నాం.

లెక్కల మాస్టారు:
వాసూ, నా వాదనకు నువ్వే మంచి సాక్ష్యం తెచ్చావు. చైనాను కమ్యూనిస్టులకు వదిలేశాడని మునుపటి అధ్యక్షుడు ట్రూమన్‌ను రిపబ్లికన్లు ఎలా ఉతికారో ఈయన చూశాడు. వియత్నాం పోతే తన సంక్షేమ పథకాలకు కాంగ్రెస్‌లో ఓట్లు పడవని భయం. అదీ లెక్కే, కాకపోతే ఘోరంగా తప్పిన లెక్క.

డల్లాస్ శ్రీను:
అందరూ ఒక చట్టం మర్చిపోయారు బ్రదర్స్. 1965 అక్టోబరు 3, లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం పెట్టిన వలస చట్టం. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా, 1946లో ఇచ్చింది. ఆ కోటా ఎత్తేయబట్టే డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెనక మనం వచ్చాం. జాన్సన్ ఫొటో మన తెలుగు సంఘాల ఆఫీసుల్లో ఉండాలి. లెక్కో నమ్మకమో నాకనవసరం.

సత్యవతి:
శ్రీను గారూ, ఫొటో పెట్టే ముందు ఆ రోజు ఆయన ప్రసంగం చదవండి. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదన్నాడు. దేశ జనాభా తీరు మారదనే దాన్ని పాస్ చేయించుకున్నారు. మనం రావడం వాళ్లు అనుకున్నది కాదు. పైగా తూర్పు అర్ధగోళంలో ఒక్కో దేశానికి ఏడాదికి 20 వేల మంది అని పరిమితి పెట్టారు. అది రూపం మారి 1990 చట్టంలో ఒక్కో దేశానికి మొత్తం వీసాల్లో ఏడు శాతం అయింది. గ్రీన్‌కార్డు లైన్లో మనవాళ్లు పడుతున్న టెన్షన్‌కు మూలం కూడా ఆ సంతకంలోనే ఉంది.

అసలు ప్రశ్నకు వస్తా. నమ్మాడా, లెక్కేశాడా అని అడిగితే రెండు జవాబుల్లోనూ హీరో జాన్సనే. 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో పార్టీ మహాసభ. మిసిసిపీ నుంచి నల్లజాతివాళ్ల ఫ్రీడమ్ డెమోక్రాట్లు వచ్చి, తెల్లవాళ్లే ఉన్న అధికారిక బృందాన్ని కాదని తమను కూర్చోబెట్టమన్నారు. ఫానీ లూ హేమర్ అనే కూలీ మనిషి, ఓటు నమోదుకు వెళ్లినందుకు తనను పొలం నుంచి ఎలా గెంటేశారో, తర్వాత జైల్లో ఎలా కొట్టించారో టీవీ ముందు చెప్తోంది. ఆమెను తెరమీంచి తప్పించడానికి జాన్సన్ అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టాడు. వాళ్ల మీద నిఘాకు ఎఫ్‌బీఐని కూడా వాడాడు. చివరికి రెండు సీట్లు విదిల్చాడు, వాళ్లు వద్దన్నారు. అప్పటికి పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టి రెండు నెలలు కూడా కాలేదు!

ఓటుహక్కు బిల్లూ అంతే. 1964 డిసెంబరులో మార్టిన్ లూథర్ కింగ్ అడిగితే, ఇప్పుడే సాధ్యం కాదన్నాడు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటుహక్కు కోసం ఊరేగింపుగా వెళ్తుంటే, పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో జనం మీద పడితే, దేశమంతా టీవీలో చూశాక, ఎనిమిది రోజులకు మీరు చెప్పిన ఆ ప్రసంగం వచ్చింది. నెత్తురు కారింది ఒకరికి, సంతకం పేరు ఇంకొకరికి.

ఆస్టిన్ అనూరాధ:
అట్లాంటిక్ సిటీకి నా దగ్గర సమాధానం లేదు సత్యవతి గారూ, అది సిగ్గుచేటు. సెల్మా విషయంలో మాత్రం ఒక తేదీ చేర్చండి. 1965 జనవరి 15న కింగ్‌తో ఫోన్లో మాట్లాడుతూ, ఓటును అడ్డుకుంటున్న అతి దారుణమైన ఉదాహరణ ఒకటి వెతికి రేడియోలో, టీవీలో, చర్చిల్లో ఊదరగొట్టండి అని జాన్సనే చెప్పాడు. ఇదీ టేపే. బిల్లు ముసాయిదా పని అప్పటికే న్యాయశాఖలో మొదలైంది. ఉద్యమం లేకుండా బిల్లు రాదు, నిజం. కానీ ఉద్యమం అంతకుముందూ ఉంది, అధ్యక్షులూ ఉన్నారు, బిల్లులు మాత్రం సెనేట్‌లో చచ్చాయి.

కృష్ణాతీరం:
నేను కాస్త పక్కకు వెళ్తున్నా, ఏమీ అనుకోకండి. 1965, 66 వరుసగా వానల్లేవు. పీఎల్-480 అనే ఆహార సహాయ చట్టం కింద అమెరికా గోధుమలు వస్తే తప్ప రేషన్ షాపు తెరుచుకోని రోజులు. జాన్సన్ ఆ ఓడల్ని నెలకింత అని చేతిలో పట్టుకుని వదిలాడు. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరాలో స్వయంగా తనే చూసేవాడు. సేద్యం మీద ఖర్చు పెంచండి అన్నది ఒక షరతు. వియత్నాం మీద బాంబుల్ని ఇండియా తప్పుబట్టడం ఆయనకు మంట, అదీ కలిసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి పడింది, అందులో వాషింగ్టన్, ప్రపంచబ్యాంకుల ఒత్తిడి ఉంది. ఆ అవమానంతోనే మన వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యం మెక్సికో గోధుమ విత్తనాలు 18 వేల టన్నులు దింపాడని, హరితవిప్లవం జాన్సన్ పుణ్యమేనని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సుబ్రహ్మణ్యం ఆ దారిలో అప్పటికే ఉన్నాడు. ఆకలితో ఉన్నవాడి కంచం ముందు గడియారం పెట్టి కూర్చున్నవాణ్ణి అన్నదాత అనలేం.

వరంగల్ వాసు:
+1. ఈయనకు మన జనం ప్రాణాలూ బేరసారాల్లో ఒక అంకె.

నిర్వాహకులు:
వియత్నాం, పీఎల్-480ల మీద వేరే చర్చ తెరుస్తున్నాం. ఇక్కడ పౌరహక్కుల చట్టాల వరకే.

ఆస్టిన్ అనూరాధ:
మాస్టారూ, లెక్క అంటున్నారు కదా, ఆ లెక్కలో లాభం ఎక్కడుందో చూపించండి. 1964 చట్టం మీద సంతకం పెట్టిన రాత్రి, దక్షిణాదిని చాలాకాలం పాటు రిపబ్లికన్లకు అప్పగించేశామని అన్నాడని ఆయన సహాయకుడు బిల్ మోయర్స్ తర్వాత చెప్పాడు. ఆ నవంబరులో దేశమంతా 61 శాతంతో గెలిచి కూడా దక్షిణాదిలో అయిదు రాష్ట్రాలు రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు పోగొట్టుకున్నాడు.

ఇక 1968. మార్చి 31న టీవీలోకి వచ్చి మళ్లీ పోటీ చేయనన్నాడు. ఏప్రిల్ 4న కింగ్‌ను చంపారు. 11న ఇళ్ల వివక్ష నిషేధ చట్టం మీద సంతకం. పోటీలోనే లేనివాడు ఎవరి ఓట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు?

లెక్కల మాస్టారు:
నగరాలు తగలబడుతుంటే పాసైన చట్టం అది. చరిత్రలో పేరు కూడా ఒక పదవే, దానికీ పోటీ ఉంటుంది.

సత్యవతి:
అది అమలు చేసే అధికారం ఎవరికిచ్చారో కూడా చెప్పండి. గృహనిర్మాణ శాఖ ఫిర్యాదు తీసుకోవాలి, రాజీ కుదర్చాలి, అంతే. ఇల్లు ఇవ్వనన్నవాణ్ణి శిక్షించే అధికారం దానికి లేదు. ఆ కోరలు 1988 సవరణతో గానీ రాలేదు. ఇరవై ఏళ్లు!

లెక్కల మాస్టారు:
చూశారా, 1957 కథే మళ్లీ.

ఆస్టిన్ అనూరాధ:
కాదు మాస్టారూ. 1957లో కోరలు పీకించింది జాన్సన్. 1968లో పీకింది డర్క్‌సన్, ఆయన ఓట్లు లేకపోతే సెనేట్‌లో బిల్లు నిలిచేది కాదు. 1966లో ఇదే బిల్లును జాన్సన్ పంపిస్తే అదే డర్క్‌సన్ అడ్డంపడి చంపాడు. జాన్సన్ 1967లో మళ్లీ పంపాడు. గెలవదని తెలిసిన బిల్లును పదేపదే పంపడం మీరు చెప్పే ఆ లెక్కల మనిషి చేసే పనేనా?